తెలియదని చెప్పే వీలు

బాగా కొట్టిన బంతి ఫెయిర్‌వే నడిమధ్యకు వెళ్లి, అంతకుముందు ఆడినవాళ్లెవరో గడ్డి పెళ్లగించి పూడ్చకుండా వదిలేసిన గుంటలో కూర్చుంటుంది. ఔత్సాహిక గోల్ఫ్ ఆటగాళ్లకు ఎన్నటికీ తెగని తగాదాల్లో ఇదొకటి. "ఇందులో నా తప్పేముంది? పక్కకు తీసి పెట్టుకుంటా" అంటాడొకడు. "ఎక్కడుంటే అక్కడినుంచే ఆడాలి గురూ" అంటాడు ఇంకొకడు. మూడో మనిషి ఎటు మాట్లాడతాడన్నది అతని పందెం ఎటుందన్నదాన్ని బట్టి ఉంటుంది. నియమాల పుస్తకం మాత్రం కదలదు. ఆ గుంటలోంచే ఆడాలి. 2019లో నియమాలన్నీ తిరగరాసి 34ను 24కు కుదించినప్పుడు కూడా దీని జోలికి పోలేదు.

ఇది అన్యాయమా? నా దృష్టిలో అన్యాయమే. కానీ మార్చాలంటే ఎదురయ్యే చిక్కు చిన్నది కాదు. గుంట ఎప్పటిదాకా గుంట? ఇసుక పోశాక? గడ్డి సగం మొలిచాక? ఎక్కడో ఒకచోట గీత గీయాలి, ఆ గీత దగ్గర ప్రతి ఆదివారం కొత్త పంచాయితీ. కాబట్టి ప్రశ్న ఇలా మారుతుంది: న్యాయమంటే ఎవరికీ నష్టం జరగకపోవడమా, అందరినీ ఒకే కొలతతో కొలవడమా? రెండూ కావాలనే మనిషి అడుగుతాడు. రెండూ ఇవ్వగల పుస్తకం ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

పోనీ, ఆ కొలతలేమైనా ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? 1744లో ఎడిన్‌బరో పక్కనున్న లీత్ మైదానంలో, వెండి క్లబ్ బహుమతిగా పెట్టిన పోటీ కోసం, కొందరు పెద్దమనుషులు పదమూడు నియమాలు రాసుకున్నారు. మనిషో గుర్రమో కుక్కో అడ్డొచ్చి బంతి ఆగితే, ఆగినచోటి నుంచే ఆడాలన్నది వాటిలో ఒకటి. ఆ పోటీ గెలిచిన జాన్ రాట్రే ఒక సర్జన్. సాయంత్రానికి ఎవరు గెలిచారో తేలాలి, వాళ్ల అవసరం అంతే. మనుషులు రాసుకున్నవి కాబట్టి తర్వాతి మనుషులు మారుస్తూ వచ్చారు.

మార్పు దగ్గరే నాకు అసలు చిక్కు కనిపిస్తుంది. 1985 అమెరికన్ ఓపెన్ ఆఖరి రోజున తైవాన్ ఆటగాడు టి.సి. చెన్ నాలుగు స్ట్రోకులు ముందున్నాడు. అయిదో హోల్ దగ్గర పొడవు గడ్డి ఉన్న రఫ్‌లోంచి చిన్నగా చిప్ చేయబోతే ఒకే ఊపులో క్లబ్ బంతికి రెండుసార్లు తగిలింది. దానికొక పెనాల్టీ. ఆ హోల్ ఎనిమిది స్ట్రోకులకు ముగిసింది. చివరికి ఆండీ నార్త్ చేతిలో ఒక్క స్ట్రోకు తేడాతో ఓడాడు. 2019 నుంచి అదే దెబ్బకు పెనాల్టీ లేదు, ఒకే స్ట్రోకుగా లెక్క. అప్పుడు చెన్‌కు జరిగింది న్యాయమా? నిన్నటిదాకా నేరమై ఇవాళ నేరం కాకుండా పోయిన పనికి జైల్లో ఏళ్లు గడిపినవాళ్ల గురించి కూడా ఇదే అడగాలి. అక్కడ ఒక జీవితం, ఇక్కడ ఒక కప్పు. బరువులో పోలిక లేకపోవచ్చు గానీ ప్రశ్న ఒకటే. ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్లంతా ఆ నియమానికి ఒప్పుకునే దిగారు కాబట్టి అది చెన్‌ను కట్టిపడేసింది. కట్టుబడటానికి నియమం శాశ్వతం కానక్కర్లేదు. రేపు మారుతుందని తెలిసీ ఇవాళ పాటించవచ్చు. దైవాజ్ఞ కాకపోతే నీతికి పునాది ఎక్కడిదని అడిగేవాళ్లకు ఈ ఆట ఒక చిన్న జవాబు చెబుతోందని నా అనుమానం.

చూసేవాడు లేకపోయినా పాటించవచ్చా? 1925లో అదే అమెరికన్ ఓపెన్‌లో బాబీ జోన్స్ రఫ్‌లో బంతి ముందు క్లబ్ ఆనించబోతే బంతి కాస్త కదిలింది. ఆయన తప్ప ఎవరూ చూడలేదు. అధికారులు నిర్ణయం ఆయనకే వదిలేశారు. తనకు తానే ఒక స్ట్రోకు వేసుకున్నాడు. ఆ ఒక్కటీ వేసుకోకపోతే గెలిచేవాడే. విల్లీ మాక్‌ఫార్లేన్‌తో సమంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఒక్క స్ట్రోకుతో పోగొట్టుకున్నాడు. జనం పొగిడితే, బ్యాంకు దోచుకోనందుకు మెచ్చుకున్నట్టుందని విసుక్కున్నాడని చెబుతారు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న కథ 2017లో జరిగింది. లెక్సీ థాంప్సన్ ఒక పెద్ద టోర్నమెంటులో గ్రీన్ మీద బంతిని తీసి తిరిగి పెట్టేటప్పుడు అది అసలు చోటు నుంచి ఇసుమంత జరిగింది. టీవీ చూస్తున్న ఒకరు మర్నాడు ఈమెయిల్ పంపారు. ఆఖరి రౌండ్ ఆడుతూ ఉండగానే ఆమె మీద నాలుగు స్ట్రోకులు పడ్డాయి, ప్లేఆఫ్‌లో ఓడిపోయింది. ఆ నెలలోనే నియమ సంస్థలు తమ ధోరణి మార్చుకున్నాయి. ఆటగాడు సహేతుకంగా అంచనా వేశాడా, మామూలు కంటికి కనిపించేదేనా అన్నవే లెక్కలోకి తీసుకోవాలన్నాయి. 2018 నుంచి ప్రేక్షకుల ఫిర్యాదులు తీసుకోవడం కూడా ఆపేశాయి. కెమెరాకు కనబడేదంతా మనిషి బాధ్యత కాదని ఒప్పుకోవడం నాకు మంచి నిర్ణయంగా తోస్తుంది.

ఇక పుస్తకంలో నాకు చాలా ఇష్టమైన భాగం ఇరవయ్యో నియమం. మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో ఏం చేయాలో తెలియక సందేహంలో పడితే ఆటగాడు రెండు బంతులతో ఆ హోల్ పూర్తి చేయవచ్చు. ఏది లెక్కకు రావాలో ముందే చెప్పి, తర్వాత కమిటీకి జరిగింది జరిగినట్టు వివరించాలి. ఇద్దరు ముఖాముఖి హోల్ హోల్‌కూ తలపడే మ్యాచ్ ప్లేలోనైతే ఇద్దరూ మాట్లాడుకుని ఒక తీర్మానానికి రావచ్చు. అది పుస్తకం ప్రకారం తప్పని తర్వాత తేలినా చెల్లుతుంది. తెలిసిన నియమాన్ని ఇద్దరూ కూడబలుక్కుని పక్కన పెడితే మాత్రం ఇద్దరూ పోటీ నుంచి బయటికే. నిజాయితీగా చేసిన పొరపాటుకు క్షమ, తెలిసి చేసిన కుమ్మక్కుకు బహిష్కారం. తెలియకపోవడానికి ఇంత మర్యాద ఇచ్చిన శాసనాలు మన చుట్టూ ఎన్ని ఉన్నాయి?

ఇప్పుడు స్వింగ్ దగ్గరికి, అంటే క్లబ్ ఊపే తీరు దగ్గరికి వద్దాం. నియమాల మీద తగువాడుకున్న ఆ మనుషులే, తోటివాడి బంతి కుడివైపు చెట్లలోకి వంకర తిరగ్గానే, ఒక్క క్షణం తడుముకోకుండా తీర్పు చెబుతారు. "తల ఎత్తావు." "మోచెయ్యి వంచావు." "తొందరపడ్డావు." ముగ్గురు మూడు కారణాలు చెబుతారు, ముగ్గురికీ సందేహం ఉండదు. మనుషులు రాసుకున్న నియమాన్నేమో అభిప్రాయంలా చర్చిస్తారు. ఎవరి చేతుల్లోనూ లేని ప్రకృతి గురించేమో శాసనంలా మాట్లాడతారు. ఇది తలకిందుల వ్యవహారం కాదూ?

క్లబ్ ముఖం బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు. పైనుంచి కిందికి దిగే ఊపంతా దాదాపు పావు సెకను. ఆ వేగంలో జరిగినదాన్ని కన్ను పట్టలేదు, కొట్టినవాడి ఒళ్లూ సరిగా చెప్పలేదు. తల విషయమే తీసుకోండి. అనికా సోరెన్‌స్టామ్, డేవిడ్ డువాల్ ఇద్దరూ క్లబ్ బంతిని తాకేసరికే తల లక్ష్యం వైపు తిప్పేసేవారు. ఇద్దరూ ప్రపంచంలో మొదటి స్థానం చూసినవాళ్లే.

మామూలు ఆటగాళ్లను వదిలేద్దాం, కోచ్‌ల సంగతేమిటి? బంతి క్లబ్ ఊగిన దారిలో బయలుదేరి, తర్వాత క్లబ్ ముఖం చూసే వైపుకు తిరుగుతుందని దశాబ్దాలపాటు బోధించారు. నిజానికి బంతి బయలుదేరే దిశను ఎక్కువగా నిర్ణయించేది క్లబ్ ముఖమే. అలస్టేర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ 1968లోనే తమ పుస్తకంలో ఈ సంగతి సరిగ్గా రాశారు. అయినా రాడార్ యంత్రాలు ప్రాక్టీసు రేంజుల్లోకి వచ్చి బంతిని కొలిచేదాకా పాత పాఠం చాలాచోట్ల నడుస్తూనే ఉంది. ఆ పాఠం చెప్పినవాళ్లలో గొప్ప ఆటగాళ్లూ ఉన్నారు. చేతులు ఒకటి చేస్తుంటే నోరు మరొకటి చెప్పింది. అనుభవమున్నవాడి మాట నమ్మాలంటాం. తన అనుభవాన్నే తప్పుగా చదువుకున్నవాడి మాట ఏం చేయాలి?

బెన్ హోగన్ 1957లో రాసిన అయిదు పాఠాల పుస్తకం ఇప్పటికీ ఎంతోమందికి ప్రామాణికం. కానీ ఆయనను మొదటినుంచీ వేధించింది ఎడమకు తిరిగే హుక్. క్లబ్ పట్టుకునే తీరును ఆయన దానికి విరుగుడుగానే సరిదిద్దుకున్నాడు. చదివే ఔత్సాహికుల్లో ఎక్కువమంది బాధ కుడికి తిరిగే స్లైస్. ఒకరి రోగానికి రాసిన చీటీతో ఊరంతా మందు కొనుక్కున్నట్టయింది. టెక్సస్ గురువు హార్వీ పెనిక్ ఈ ప్రమాదం ఎరిగినవాడు. బెన్ క్రెన్‌షా, టామ్ కైట్ ఇద్దరూ ఆయన శిష్యులే అయినా, ఒకరికి పాఠం చెబుతుంటే రెండోవాణ్ని చూడనిచ్చేవాడు కాదు. జిమ్ ఫ్యూరిక్ స్వింగ్‌లోని మెలికను చూసి ఎందరో నవ్వారు. కోచ్ అయిన తండ్రి మాత్రం దాన్ని మార్చనివ్వలేదు. 2016లో ఆ స్వింగే ఒక రౌండ్‌ను 58 స్ట్రోకులకు ముగించింది.

అయితే మనం ఎందుకు ఆగలేం? డాబు ఒక కారణం, నిజమే. అదొక్కటే అనుకోను. మిత్రుడు వరసగా మూడు చెత్త దెబ్బలు కొట్టి తలవంచుకుని నడుస్తుంటే ఆ మౌనం పక్కవాడికి భరించరానిది. ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. ఓదార్పు మాట చెప్పడం మగవాళ్ల గుంపులో కాస్త మొహమాటం కాబట్టి దాన్ని సలహాగా మార్చి ఇస్తారు. ఇచ్చేది సానుభూతే గానీ, దానికి జ్ఞానం వేషం వేస్తారు. పుచ్చుకున్నవాడు ఆ వేషాన్నే నమ్మి, తర్వాతి హోల్ దగ్గర మోచెయ్యి గురించి ఆలోచిస్తూ ఇంకా చెడగొట్టుకుంటాడు.

నియమం చెప్పడానికీ ఆట గురించి సలహా ఇవ్వడానికీ ఉన్న తేడా నియమాలు రాసినవాళ్లకు తెలుసు. పోటీ రౌండ్‌లో తోటి పోటీదారుకు ఆట గురించి సలహా ఇస్తే, స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల పెనాల్టీ. అడిగినా అంతే. నియమం ఏమిటో చెప్పడం మాత్రం సలహా కిందికి రాదు, ఎవరైనా ఎవరికైనా చెప్పవచ్చు. మామూలు వ్యక్తిగత పోటీలో సలహా అడగడానికి ఆటగాడికి మిగిలిన మనిషి ఒక్కడే, బ్యాగు మోసే క్యాడీ.

మన దగ్గర ఆ ఒక్కణ్నే అడగం. గోల్కొండ నయాఖిలా గోల్ఫ్ మైదానంలో గానీ విశాఖ ఈస్ట్ పాయింట్‌లో గానీ, నాలుగు బ్యాగులు మోసేవాళ్లు రోజూ ఎన్నో స్వింగులు చూస్తారు. సభ్యులు ముగ్గురూ ఒకేసారి పాఠం చెబుతుంటే వాళ్లు నోరు మెదపరు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆలీ షేర్ క్యాడీగా మొదలైనవాడే.

సలహా నియమం పోటీలకు మాత్రమే. వచ్చే ఆదివారం పందెం లేని ఆటలో కూడా దాన్ని అమల్లో పెట్టి చూడండి. నియమాల మీద ఎంతసేపైనా వాదించుకోండి, తేలకపోతే రెండు బంతులు ఆడండి. స్వింగ్ గురించి మాత్రం మీ బ్యాగు మోస్తున్న మనిషిని అడగండి. ఆయన తెలియదంటే అదీ ఒక జవాబేనని ఒప్పుకోండి.