మాటను ఆపితే ప్రశ్న ఆగుతుందా?

మా ఆశ్రమ పాఠశాలలో ఒకరోజు ప్రార్థన వరుసలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక అబ్బాయిని బూతు తిట్టింది. వెంటనే ఆమెను బయట నిలబెట్టాం. ఎందుకు తిట్టావని అడగడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఫోనులో విన్న సినిమా మాటతో ఆ అబ్బాయి నెలరోజులుగా ఆమెను ఏడిపిస్తున్నాడట. ఆమె తిట్టు బడంతా విన్నది. అతని మాట మేం వినలేదు.

ఆ సినిమా మాటలు పుట్టే ఫిల్మ్‌నగర్‌లోనూ ఇదే జరిగింది. 2017 మేలో ఒక పాటల విడుదల సభలో సీనియర్ నటుడు చలపతిరావు ఆడవాళ్ల గురించి నీచంగా మాట్లాడారు. నిరసనలు వచ్చాయి, పోలీసు కేసు పెట్టారు, ఆయన క్షమాపణ చెప్పారు. తర్వాత కూడా సినిమాల్లో నటించారు.

2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి ఫిల్మ్ ఛాంబర్ ముందు అర్ధనగ్నంగా కూర్చున్నారు. వేషాల పేరు చెప్పి ఆడవాళ్లను వాడుకుంటున్నారని, తెలుగు అమ్మాయిలకు అవకాశాలు ఇవ్వడం లేదని ఆమె ఆరోపణ. నటీనటుల సంఘం ‘మా’ తన సభ్యులెవరూ ఆమెతో నటించకూడదన్నది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులిచ్చింది. కొద్ది రోజుల్లోనే నిషేధం ఎత్తేశారు.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని, దానికి మహిళే అధ్యక్షత వహించాలని 2013లోనే చట్టం వచ్చింది. వినే చోటు సరిగా ఉంటే రోడ్డు మీద కూర్చునే అవసరం ఎందుకొస్తుంది? 2019లో తెలంగాణ ప్రభుత్వం సినిమా రంగంలో వేధింపులపై కమిటీ వేసింది. కేరళలో హేమ కమిటీ నివేదిక 2024లో వెలుగు చూశాక, ఇక్కడి నివేదికనూ బయటపెట్టమని నటి సమంత అడగాల్సి వచ్చింది.

మరి మాటకు హద్దు వద్దా? కావాలి. శ్రీరెడ్డి ఆ రోజుల్లో వాడిన ఒక తిట్టును మేమూ ఒప్పుకోం. దానికి ఆమే క్షమాపణ చెప్పారు. కానీ తిట్టుకు శిక్ష తిట్టు వరకే. ఆ వంకతో ఫిర్యాదును పూడ్చిపెట్టకూడదు. మనం భూమి కోసం అరిచినప్పుడు కూడా చాలామంది అధికారులు అరుపునే చూశారు, భూమిని చూడలేదు. ఆ బాధ మనకు తెలుసు.

తెలిసి కూడా మనం అదే చేస్తున్నాం. మన ఆడవాళ్లకు స్వేచ్ఛ ఎక్కువని గొప్పగా చెప్పుకుంటాం. గూడెం పంచాయితీలో తీర్పు చెప్పే వరుసలో ఎంతమంది ఆడవాళ్లు కూర్చుంటున్నారు? ఎదురు మాట్లాడితే వెలి వేస్తామని బెదిరించడం మనకు కొత్తా? అక్కడి నిషేధానికీ ఇక్కడి వెలికీ పేరే తేడా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేం నేర్చుకున్నది ఇంతే. హద్దు పైవాళ్లకూ కిందివాళ్లకూ ఒక్కటే ఉండాలి. దాన్ని గీసేచోట దెబ్బ తిన్నవాళ్లూ కూర్చోవాలి. మాట వినకముందే నోరు మూయించకూడదు.

ఆ అమ్మాయికి అదే ప్రార్థన వరుసలో, అందరి ముందూ మేం క్షమాపణ చెప్పాం. ఆ అబ్బాయి చేత కూడా చెప్పించాం. మా మాట కన్నా, ఆ నాలుగు రోజులే ఆమెకు ఎక్కువ గుర్తుంటాయని మాకు తెలుసు.