ఆకాశమున కనబడిన దీపములు

ధ్యాన పాఠము: యిర్మీయా 10:1–5, 1 థెస్సలొనీక 5:19–22



కోదాడ దగ్గరనున్న ఒక పల్లెలో సాయంకాలపు కూటము ముగించి బయటికి వచ్చితిమి. ప్రొద్దు క్రుంకి గంట కాలేదు. ఆకాశములో దీపములు దారమునకు గ్రుచ్చిన పూసలవలె వరుసగా సాగిపోవుచుండెను. చప్పుడేమియు లేదు. కొందరు మోకాళ్లూనిరి. “అయ్యగారూ, ప్రభువు వచ్చుచున్నాడా?” అని అడిగిరి. నేను విచారింపకయే “ఇది అంత్యదినముల గురుతే” అంటిని.

ఆ మాట తెల్లవారులోగా ఊరంతా పాకెను. కొందరు స్త్రీలు నాట్లకు పోలేదు. ఒక విధవరాలు “ఇక నాకివి ఎందుకు?” అని తన రెండు మేకలను వచ్చిన ధరకు అమ్మివేసెను.

ఇది విని నా మనస్సునకు నెమ్మది లేకపోయెను. మిర్యాలగూడలో సైన్సు బోధించు ఒక సహోదరుని యొద్దకు పోయి అడిగితిని. ఆయన నవ్వక, ఓపికతో చెప్పెను: “అయ్యగారూ, అవి స్టార్‌లింక్ అను ఉపగ్రహములు. ఇంటర్నెట్టు కొరకు అమెరికా వారు పంపుచున్నారు. 2019 మే నెలలో ఒకే రాకెట్టుపై 60 పంపిరి. పిమ్మట వేలకొలది పంపిరి. పంపిన తొలి దినములలో అవి దగ్గరగా వరుసలో సాగును. మనకు చీకటి పడినను అంత యెత్తున ఇంకను ఎండ యుండును. ఆ యెండకే అవి మెరయును.” మరునాడు అవి ఎన్ని గంటలకు కనబడునో కూడ వ్రాసి యిచ్చెను. ఆ రాత్రి నేను సూర్యాపేటలో ఒక మిద్దెపై నిలిచి చూచితిని. వ్రాసిన నిమిషమునకే వచ్చెను!

మన పెద్దలకు 1979వ సంవత్సరము జ్ఞాపకమే. స్కైలాబ్ మనమీద పడునని తెలంగాణ పల్లెలలో అనేకులు ఉన్న కోళ్లను, మేకలను కోసికొని తినిరి. జూలై 11న అది హిందూ మహాసముద్రములోను ఆస్ట్రేలియా పడమటి ప్రాంతములోను పడెను. మరునాడు ఆకాశము అట్లే యుండెను. గంపక్రింద కోళ్లు మాత్రము లేవు.

ప్రియులారా, ఆకాశమును చూచి అన్యజనులవలె వణకవద్దని యిర్మీయా బోధించెను. పౌలు ప్రతి మాటను నమ్ముమనలేదు, ప్రతిదానిని ఎగతాళి చేయుమనియు అనలేదు, పరీక్షించుమనెను. విచారించుట అవిశ్వాసము కాదు. దేవుడు సూర్యునికి త్రోవ నియమించినవాడు గనుకనే లెక్క తప్పదు. విచారింపక ఆయన పేరట మాటలాడుటయే పాపము. ఆ పాపము నాది.

తరువాతి ఆదివారము సంఘము ఎదుట దానిని ఒప్పుకొంటిని. నా జీతములోనుండి ఒక మేకను తిరిగి కొని ఆ తల్లికి ఇచ్చితిని. రెండవది అప్పటికే కోయబడెను. బోధకుని తొందరమాటకు బీదలే వెల చెల్లింతురని ఆ దినమున నేర్చుకొంటిని.

ప్రభువు రాకడ నిజము. ఆ దినము ఎవరికిని తెలియదని ఆయనయే సెలవిచ్చెను. ఆయన వచ్చునప్పుడు “ఇది ఏమిటి?” అని ఏ పంతులుగారిని అడుగనక్కరలేదు, ప్రతి కన్ను ఎరుగును. అంతవరకు నాట్లు వేయుదము, మేకలను మేపుదము, మెలకువగా ప్రార్థించుదము. పనిలోనున్న దాసునే యజమానుడు వచ్చి మెచ్చును.

ఆమేన్.