కోడె చేష్ట – తీర్పరి ధర్మము

మార్కాపురమున వెలసిన శ్రీ చెన్నకేశవస్వామి దివ్యనామము నుచ్చరించునపుడు భక్తుల మనస్సునకు ఒక గుఱ్ఱము కథ స్ఫురించును. కంసుడు పంపగా కేశి యను దానవుడు అశ్వరూపమున వ్రేపల్లెకు వచ్చి, గిట్టలతో నేలను త్రవ్వుచు, సకిలింపులతో గోకులమును గడగడలాడించెను. శ్రీకృష్ణుడు వాని నోటియందు తన బాహువును జొనిపి వానిని సంహరించెను. కేశిని వధించుటచే స్వామికి కేశవనామము కలిగెనని పెద్దలు చెప్పు నిర్వచనములలో నొకటి.

భాగవతముననే మరియొక ఘట్టము కలదు. కోసలాధిపతియగు నగ్నజిత్తు కడ ఎవరికిని లొంగని వృషభములు ఏడు ఉండెను. వానిని కట్టగల వీరునికే తన కుమార్తె నిత్తునని రాజు నియమము చేసెను. ఎందరో రాజకుమారులు భంగపడిరి. స్వామి ఏడు రూపములు దాల్చి, పసివాడు కొయ్యబొమ్మల నాడించినట్లు, వానిని త్రాళ్ళతో బంధించెను. ఒక్కదానినైనను చంపలేదు. కేశియు మీదికి దూకెను, ఈ వృషభములును దూకెను. అచ్చట వధ, ఇచ్చట బంధనము మాత్రమే. కంటికి కనబడు చేష్ట యొకటియైనను దాని వెనుకనున్న భావము వేరుగా నుండవచ్చును. ఈ భేదము నెరిగి నడచుకొనుటయే తీర్పు చెప్పువాని ప్రథమధర్మము.

ఈ ధర్మసూక్ష్మము పురాణకాలమునకే పరిమితమైనది కాదు. నల్లమల యంచున నున్న గిద్దలూరు, కంభము, మార్కాపురము సీమలలో ట్రాక్టర్లు వచ్చిన పిదప దుక్కి యెడ్లు తగ్గినను, ఒంగోలు జాతి కోడెను కన్నబిడ్డవలె పెంచు రైతులు నేటికిని కలరు. 19వ శతాబ్దిలోనే సముద్రములు దాటి బ్రెజిల్ దేశము చేరి, అచ్చట ‘నెలోర్’ అను పేర వర్ధిల్లిన జాతి యిది. తిరునాళ్ళ సమయమున బండలాగుడు పందెములతో పాటు పశుప్రదర్శనలు జరుగుట తెలుగునాట పరిపాటి. పాలపండ్లవి, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి అని వయస్సును బట్టి తరగతులు ఏర్పరతురు. తీర్పరి యొక్కొక్క కోడె ముఖమును, మూపురమును, గంగడోలును, వీపును, కాళ్ళ పొందికను పరిశీలించి, పిదప దానిని నడిపించి నడక చూచును.

చిక్కంతయు ఇచ్చటనే. పాలపండ్ల కోడె యనగా ఇంచుమించు రెండేండ్లు నిండని పసిది. ఊరి పొలిమేర దాటి యెరుగదు. అట్టిది మైకుల హోరు నడుమ, వేలజనుల మధ్య నిలువక గంతులు వేయును, పగ్గము పట్టినవానిని ఈడ్చుకొనిపోవును. చూచువారు నవ్వుదురు. యజమాని సిగ్గుతో తల వంచుకొని, “అయ్యా, ఇంటికాడ చిన్నపిల్లోడు పట్టినా కదలదండీ, ఇయ్యాలే ఇట్టా చేస్తా ఉంది” అని మొరపెట్టుకొనును. ఇంగ్లండు మొదలగు దేశములలో వ్యవసాయ ప్రదర్శనలకు వచ్చు గుఱ్ఱపు పిల్లల విషయమున గూడ ఈ ప్రశ్నయే పుట్టును. ఉత్తమ లక్షణములు గల పిల్ల ఆ రోజున అదుపు తప్పినచో దానికి బహుమతి నీయవచ్చునా?

“తగదు” అనువారి వాదము తేలికైనది కాదు. పొరుగు రైతు ఆరు నెలలు వేకువనే లేచి తన కోడెను బాటవెంట నడిపించి, జనములో నిలుచుట నేర్పి తెచ్చెను. ఆ శ్రమకు విలువ లేదా? నడకయే చూపని కోడె నడకకు ఏ కొలతతో మార్కులు వేయుదురు? గుంపులో పసిపిల్లలు, వృద్ధులు కలరు, వారి కపాయము కలిగినచో బాధ్యు లెవ్వరు?

“క్షమింపవలెను” అనువారి పలుకును త్రోసిపుచ్చరానిది. ప్రదర్శన జాతిలక్షణములను పరీక్షించుటకే గాని సాధుత్వమును పరీక్షించుటకు కాదు. పశువు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే, సరిగా వెనుకవైపు తప్ప నలుదెసల కదలిక దానికి ఒక్కసారిగా గోచరించును. ఎగురు గొడుగు, మెరయు రేకు, ఆకస్మికధ్వని, మందనుండి వేరుపడిన ఒంటరితనము ఇవన్నియు దానికి భయహేతువులు. పొగరని జనులు తలచునది పెక్కుసార్లు భయమే. మరియొక సంగతి. కదలక నిలిచిన ప్రతి కోడెయు సాధువని చెప్పుట కాదు. ముకుతాడు లాగి, తోక మెలివేసి, ముల్లుగర్రతో పొడిచి నిలువనేర్పిన కోడెయు కదలకయే నిలుచును. ప్రేమతో వచ్చిన నిలకడయు, దెబ్బలతో వచ్చిన నిలకడయు దూరమునుండి చూచువానికి ఒక్కటిగనే తోచును. కావున ఒక్క ఘడియ నిలకడను సద్గుణమనియు, ఒక్క ఘడియ గంతును దుర్గుణమనియు నిర్ణయించుట తొందరపాటు.

మరి తీర్పరి చేయవలసిన దేమి? అతని యెదుట మూడు ప్రశ్నలు కలవు. జనులకు అపాయము కలదా? ఈ దినమున ఏ కోడె తన లక్షణములను కనబరచెను? ఈ కోడె స్వభావ మెట్టిది? మొదటిదానికి అతడు వెంటనే సమాధానము చెప్పవలెను. అపాయ మున్నచో కోడెను బయటకు పంపవలసినదే, అందు మొగమాటము పనికిరాదు. రెండవదానికి అందరికిని సమానమైన అవకాశ మిచ్చి, కన్నది కన్నట్లు చెప్పవలెను. బెదరిన కోడెకు ఊపిరి పీల్చుకొను వ్యవధి యిచ్చి చివర మరల పిలుచుట న్యాయమే. అట్టి వ్యవధి కోరినవారి కెల్ల దొరకవలెను. అప్పటికిని అది నడక చూపనిచో, చూపిన కోడెకే బహుమతి చెందవలెను. కనికరము పేర ఒకరి శ్రమఫలమును మరియొకరి కిచ్చుట ధర్మము కాదు.

మూడవ ప్రశ్న అతని అధికారములోనిది కాదు. ఒక ఘడియ చూచిన చేష్టను బట్టి “ఇది పనికిరాని కోడె” అని మైకులో పలుకు హక్కు ఏ తీర్పరికిని లేదు. ఆ పలుకు మైదానముననే అంతరించిపోదు, కోడెతో పాటు ఊరికి చేరును. నలుగురిలో నవ్వులపాలైన యజమాని ఆ కోపమును దారిలో దాని వీపుపై చూపవచ్చును. పేరు చెడిన కోడెను చౌకగా అమ్మివేసిన, అది కబేళా త్రోవ పట్టవచ్చును. పశువును కొట్టి హింసించుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరమే. కాని దారిలో పడు చెర్నాకోల దెబ్బకు సాక్షి యెవ్వడు? అందుచే బహుమతి నిరాకరించిన నోటితోనే తీర్పరి, “కోడె మంచిది, బెదరినది. సంతలకు త్రిప్పి అలవాటు చేసి మరల తీసికొనిరండు” అని యజమానితో రెండు మాటలు చెప్పినచో, న్యాయమునకు లోపము రాదు, ఒక ప్రాణికి రక్షణ కలుగును.

భారతయుద్ధమున సైంధవుని వధించిన దినమున, అలసి శరములచే నొచ్చిన రథాశ్వములను శ్రీకృష్ణుడు రణరంగ మధ్యముననే విడిచి, బాణములు పెరికి, చేతులతో నిమిరి, అర్జునుడు సృజించిన సరస్సున నీరు త్రాపెను. ప్రొద్దు క్రుంకక మున్నే ప్రతిజ్ఞ నెరవేరవలెను, ప్రతి నిమిషమును విలువైనదే. అయినను అశ్వములు మందగించెనని స్వామి కొరడా నెత్తలేదు, వాని బాధ నెరిగి ఉపచారము చేసెను. కేశి యను అశ్వమును చంపిన చేతులును, ఈ అశ్వములకు నీరు త్రాపిన చేతులును ఒక్కటే.

గృహస్థుల యింటను ఈ తీర్పు దినదినము జరుగుచునే యుండును. బంధువుల యెదుట మారాము చేసిన బిడ్డను “మొండివాడు” అనియు, పరీక్ష తప్పిన బాలుని “కొరగానివాడు” అనియు పెద్దలు తేలికగా పలుకుదురు. తప్పును తప్పనుట పెద్దల బాధ్యత. తప్పును పేరుగా తగిలించుట వారి అధికారము కాదు. ఆ పేరు బిడ్డతో పాటు పెరుగును.

ఇంద్రియములను గుఱ్ఱములుగా, మనస్సును పగ్గముగా ఉపనిషత్తు వర్ణించినది. అశ్వవాహనమున స్వామి ఊరేగునపుడు చేతులు జోడించు భక్తుని హృదయములోను అదుపులేని గుఱ్ఱములు గంతులు వేయుచునే యుండును. ఆ ఒక్క దినపు గంతులనే చూచి స్వామి తీర్పు చెప్పినచో నిలువగలవా రెవ్వరు? తన విషయమున స్వామి చూపు ఓరిమిని, పగ్గము తన చేతనున్న దినమున నోరులేని జీవికి చూపుట భక్తునకు విధి.