పగడం పెరగడం లేదని

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్ళే రోడ్డు మీద ఉన్న తాడ్వాయిలో ఎవరికైనా ఇంట్లో పగడాల తొట్టి పెట్టుకోవాలని మనసైతే, అడ్డం వచ్చేది మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సముద్రం కాదు, చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి 2001లో రాతి పగడాలు చేరాయి. పులి పేరున్న జాబితా అది. డబ్బు పెట్టి కొన్నానంటే చెల్లదు.

అలాగని ఆ ఊరికి పగడం కొత్త కాదు. పుస్తెలతాడులో నల్లపూసల పక్కన ఎర్రగా మెరిసేది అదే. ఈ ఎర్ర పగడం పుట్టిల్లు మధ్యధరా సముద్రం. వెలుతురు అంతగా చొరబడని రాతి గుహల్లో, కొమ్మ మందం ఏడాదికి అర మిల్లీమీటరైనా పెరగకుండా బతుకుతుంది. చిటికెన వేలంత కావడానికి దశాబ్దాలు పడుతుంది. ఓడల మీద వచ్చే సరుకుల సుంకాలను ఖరారు చేస్తూ 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన శాసనంలో కర్పూరం, ముత్యాలు, పట్టునూలుతో పాటు పగడాలూ ఉన్నాయి. ఇంత నిదానంగా పెరిగే సరుకు మాకెందుకని ఏ అవుసులాయనా అడిగినట్టు లేదు.

నిదానం మీద ఫిర్యాదు మొదలైంది పగడం గాజు తొట్టిలోకి వచ్చాకే.

తాడ్వాయిలో పుట్టి, ఉద్యోగం కోసం టెక్సాస్ చేరిన ఒక ఇంజనీరు ఇంట్లో మూడు వందల లీటర్ల తొట్టి ఉంది. అమెరికాలో తొట్లలోనే పెంచిన పగడపు ముక్కలు దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని ఫ్రాగ్‌లంటారు. గోరంత ఆక్రోపోరా కొమ్మను సిమెంటు బిళ్ళకు జిగురుతో అంటించి అమ్ముతారు. సముద్రంలో కొన్ని ఆక్రోపోరా కొమ్మలు ఏడాదికి పది సెంటీమీటర్లు, అంతకు మించి కూడా సాగుతాయి. బండరాళ్ళలా గుండ్రంగా పెరిగే పోరైటిస్ మాత్రం సెంటీమీటరు దగ్గరే ఆగుతుంది. ఇతను కొన్నది మొదటి రకం. నెలలు గడిచినా కొమ్మ పైకి లేవలేదు.

అప్పటి నుంచి అతని శనివారాలన్నీ తొట్టికే పోయాయి. లైటు చాలదేమోనని పెంచాడు, కొమ్మల చివర్లు తెల్లబడితే తగ్గించాడు. నీళ్ళ ఊపు చాలదేమోనని ఇంకో పంపు పెట్టాడు. ఫాస్ఫేట్ ఎక్కువైతే పగడం సున్నం కట్టలేదని చదివి, దాన్ని పీల్చే ఇనుప గుళికలు తెచ్చి పోశాడు. చదివింది నిజమే. కానీ ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ సున్నాకు పడిపోతే పగడం లోపల కాపురముండే నాచు కణాలకు తిండి కరువవుతుంది. ఆ కణాలు పగటి వెలుతురులో వండిపెట్టే ఆహారం మీదే పగడం ప్రధానంగా బతుకుతుంది. అందుకే అతని పగడం రంగు వెలిసి పాలిపోయింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయని ఇంటికొచ్చినవాళ్ళు మెచ్చుకున్న రోజులవి!

ఒక్కో మార్పుకూ కారణం ఉంది, ఏదీ మూర్ఖత్వం కాదు. అన్నీ వరసపెట్టి జరగడంతోనే చిక్కు. వెలుతురుకు అలవాటు పడటానికి పగడానికి వారాలు కావాలి. ఆ వారాల్లో నీళ్ళు మారాయి, నీళ్ళు కుదుటపడేలోపు పంపు మారింది. తొట్టిలో అన్నిటికన్నా చంచలమైనది యజమాని చెయ్యే అయ్యింది. శ్రద్ధ లేనివాడి తొట్టి పాడవడం అందరికీ అర్థమవుతుంది. శ్రద్ధే ఒక జబ్బులా మారొచ్చన్నది మింగుడు పడదు, ఎందుకంటే శ్రద్ధ పెట్టేవాడికి ఆ పూటకు మనశ్శాంతి దొరుకుతుంది. సీసాలోని మందు ఎవరి కోసమో ఒక్కోసారి తేల్చి చెప్పడం కష్టం.

ఇంతకీ పగడం నిజంగా పెరగడం లేదా? ఈ ప్రశ్న అతనికి చాలా ఆలస్యంగా తట్టింది. కంటితో చూసి తేల్చేది కాదది. పగడం తన ఒంటిని కట్టుకోవడానికి నీళ్ళలోంచి కాల్షియం, కార్బొనేట్ తీసుకుంటుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, క్షారత్వం 7 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటుంది. పెంపకందార్లు మందు పోస్తూ దాన్ని 7కూ 9కీ మధ్య ఉంచుతారు. పెరుగుదలను లెక్కగట్టాలంటే మందు పోయడం ఒక రోజు ఆపి, ఈ క్షారత్వం ఎంత తగ్గిందో చూడాలి.

ఓ సాయంత్రం అతను మందు పోసే డోసింగ్ పంపు కట్టేసి కూర్చున్నాడు. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు, అందులో రంగు చుక్కలు, చేతిలో సిరంజి. ఒక్కో చుక్కా వదులుతూ గొట్టాన్ని ఊపాలి. నీలం రంగు హఠాత్తుగా గులాబీలోకి తిరిగే చోట ఆపాలి. 8.2 వచ్చింది. మర్నాడు అదే వేళకు 7.9. కాల్షియం పరీక్ష మాత్రం నిన్నటి అంకెనే చూపించింది. అందులో వింతేమీ లేదు. క్షారత్వం 0.3 తగ్గితే కాల్షియం లీటరుకు రెండు మిల్లీగ్రాములే తగ్గుతుంది, 420లో రెండు తగ్గితే ఇంట్లో వాడే కిట్టుకు ఆనదు. కానీ ఆ 0.3కే లెక్క కడితే మూడు వందల లీటర్లలో రోజుకు గ్రామున్నర సున్నపురాయి ఎక్కడో పేరుకుంటోంది. కొంత నత్తల చిప్పలకు, కొంత గాజుకు పట్టిన గులాబీ నాచుకు (ప్రతివారం దాన్ని గీకి పారేసేది అతనే), మిగిలింది పగడాలకు. భూతద్దం పెట్టి చూస్తే సిమెంటు బిళ్ళ అంచు దాకా పలచటి పొర పరుచుకుని ఉంది. ఫ్రాగ్ మొదట తన కాళ్ళ కింద చోటు గట్టి చేసుకుంటుంది, తరవాతే కొమ్మ వేస్తుంది.

అప్పటికి అతని తల్లి ఊరి నుంచి వచ్చి ఉంది. కొడుకు చెప్పిందంతా విని, ఆమె అందులో కొత్తేమీ చూడలేదు. “నాటేసినంక వరి కొన్ని దినాలు ఎర్రబడి అట్లనే నిలవడ్తది. వేరు వట్టంది ఎట్ల లేస్తది బిడ్డా?” అంది. తొట్టి పక్కన తెల్లటి పొడి డబ్బా చూసి అదేందని అడిగితే సున్నమేనన్నాడు. ఆకులో రాసుకునే సున్నమే, కాకపోతే మలినాలు లేనిది. పొడిని నీళ్ళలో కలిపి, అడుగున మడ్డి పేరుకున్నాక పైన తేరిన తేటను రాత్రిపూట చుక్కచుక్కగా వదులుతారు. ఈ పద్ధతిని 1970ల్లో పీటర్ విల్కెన్స్ ప్రచారంలోకి తెచ్చాడు. తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది గనక చుక్కలుగానే వెయ్యాలి. గబగబా పోస్తే నీళ్ళు విరిగినట్టై సున్నం తెల్లగా అడుగున పడిపోతుంది, పగడానికి దక్కదు.

ఆమె పొద్దున లేవగానే తలుపులూ కిటికీలూ బార్లా తీసేది. ఏసీ ఇల్లు, తియ్యొద్దని కొడుకు. “మనుషులు పీల్చి ఇడిసిన గాలే మల్ల మల్ల పీలుస్తరా?” అని ఆమె. తొట్టి విషయంలో ఆమె మాటే నిజం. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు 420 పాళ్ళ పైన ఉంటే, మూసిన ఇంట్లో వెయ్యి దాటడం మామూలే. అది నీళ్ళలో కరిగి పీహెచ్‌ను దించుతుంది, అప్పుడు పగడానికి సున్నం కట్టడం బరువవుతుంది. కిటికీలు తెరిచిన రోజుల్లో అతని మీటరు 7.9 నుంచి 8.1 దాకా ఎక్కేది.

ఇదే సంగతిని ఎంతో పెద్ద గాజు ఇంట్లో చూసినవాడు శాస్త్రవేత్త క్రిస్ లాంగ్డన్. అరిజోనా ఎడారిలోని బయోస్ఫియర్ 2లో సుమారు 26 లక్షల లీటర్ల కృత్రిమ సముద్రం ఉంది. అందులో నీటి రసాయనాన్ని మార్చి చూసి, కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ పగడాలు సున్నం కట్టే వేగం తగ్గుతుందని ఆయన బృందం 2000లో ప్రకటించింది. అప్పటిదాకా వేడే ముప్పనుకున్నవాళ్ళకు ఇది ఇంకో దెబ్బ. టెక్సాస్ ఇంట్లో గాలి మార్చడానికి ఒక తల్లి చెయ్యి చాలింది. లక్షదీవులకూ మన్నార్ సింధుశాఖకూ ఆ వెసులుబాటు లేదు. తొట్టిలో పెరుగుదల మందగిస్తే నెలకోసారి విచారించే మనిషి ఒకడున్నాడు. అక్కడ ఆ విచారణ ఎవరి ఇంటి పనీ కాదు. చట్టం పగడాన్ని పులి సరసన కూర్చోబెట్టగలిగింది గానీ, గాలిని జాబితాకెక్కించలేకపోయింది.

తల్లి తిరిగి తాడ్వాయి వెళ్ళాక అతను తొట్టి నీళ్ళను నురగతో శుభ్రం చేసే స్కిమ్మర్ గాలి పీల్చే గొట్టానికి ఇంకో గొట్టం తగిలించి గోడ రంధ్రంలోంచి బయటికి తీశాడు. గుళికల సంచి తీసేశాడు, చేపలకు మేత కాస్త పెంచాడు, నెలకు ఒకటికి మించి మార్పు చెయ్యనని రాసి తొట్టి పక్కన అంటించాడు. ఫొటో కూడా నెలకొకటే, ఒకే చోటు నుంచి, పక్కన స్కేలు పెట్టి.

ఫ్లోరిడాలోని మోట్ మెరైన్ లాబొరేటరీలో పరిశోధకుడు డేవిడ్ వాన్ ఒకసారి తొట్టి అడుగుకు అతుక్కుపోయిన ఎల్క్‌హార్న్ పగడాన్ని లాగబోతే ముక్కలైంది. చచ్చాయనుకుని వదిలేసిన చిన్న ముక్కలు కొద్ది వారాల్లోనే మామూలు కంటే ఎన్నో రెట్లు వేగంగా పరుచుకున్నాయి. దెబ్బ మానడానికి పగడం తీసే పరుగు అది. దిబ్బల పునరుద్ధరణలో ఇప్పుడు పగడాలను కావాలనే అలా కోస్తున్నారు. దాన్ని చదివి ఇతను రంపం కొన్నాడు గానీ, చాన్నాళ్ళు పెట్టెలోంచి తియ్యలేదు.

ఇప్పుడు తియ్యక తప్పేలా లేదు. ఆక్రోపోరా కొమ్మ వేసింది, పక్కకు సాగింది, పొరుగున ఉన్న యూఫిలియా అనే ఇంకో పగడానికి చేరువైంది. యూఫిలియా రాత్రిపూట పొడవాటి కుట్టే తంతువులను చాచి, అందిన పగడాన్ని కాల్చేస్తుంది. కొమ్మ చివర ఓ వైపు తెల్లబడటం మొదలైంది. రెండింట్లో దేన్ని కత్తిరించాలో, తీసిన ముక్కను ఎక్కడ నాటాలో, దేన్ని దుకాణానికి తిరిగివ్వాలో అతనింకా తేల్చుకోలేదు.