మెడ వంచని పెద్దలు

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును మనలో అనేకులు త్వరత్వరగా చదివి దాటిపోవుదురు. అది పేర్ల పట్టిక. ఎవరు ఏ గుమ్మము నిలిపిరి, ఎవరు తమ యింటి యెదుటి గోడను బాగుచేసిరి అను లెక్క తప్ప అందులో మరేమియు లేనట్లు తోచును. అయితే అయిదవ వచనమున ఒక ముల్లున్నది. తెకోవ ఊరివారు పనికి వచ్చిరి గాని, వారి పెద్దలు మాత్రము ఆ పనికి మెడ వంచలేదట. మెడ అను మాట హెబ్రీ మూలములోనిదే. కాడి క్రింద తల పెట్టు ఎద్దును అది మనకు చూపుచున్నది. సుఖాసీనులైన గొప్పవారిని గద్దించిన ఆమోసు ఆ ఊరివాడే యని కూడ జ్ఞాపకము చేసికొందము.

ఈ వచనము నేడు కోనసీమలో చదువదగినది. గౌతమికిని వసిష్ఠకును సముద్రమునకును నడుమ నున్న మన నేల పల్లము. 1847-1852 సంవత్సరములలో ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన తరువాత కాలువల ద్వారా నీరు వచ్చుట సులభమైనది. కాని వచ్చిన నీరు పోవలెను గదా! ఆ పని మురుగు కాలువలది. డ్రైను గుర్రపుడెక్కతోను పూడికతోను నిండినప్పుడు వానకు సార్వా చేలు మునుగును. మొగ బాగుగా తెరచుకొని యున్నప్పుడు సముద్రపు పోటు అదే దారిని ఎదురెక్కి ఉప్పునీటిని తోటలలోనికి తెచ్చును. రాజోలు ప్రాంతమున శంకరగుప్తం డ్రైను వెంబడి కొబ్బరిచెట్లు మొవ్వులు రాలి మొండి స్తంభములవలె నిలిచినవి. 2025 నవంబరులో ఉపముఖ్యమంత్రిగారు కేశనపల్లి వచ్చి వాటిని చూచిపోయిరి. డెల్టాకు రావలసిన ఒండ్రు ఎగువ ఆనకట్టలలో ఆగిపోవుచున్నది. భూమి వేడెక్కుటచేత సముద్రమట్టము పెరుగుచున్నది. ఇవి మన కాలమున తగ్గునవి కావు.

అందుచేత ప్రజలు కలిసిరావలెనని అధికారులు చెప్పుచున్నారు, బడులలో చెప్పుచున్నారు, ప్రసంగవేదికలనుండి మేమును చెప్పుచున్నాము. చెప్పవలసినదే. అయితే ఏ ప్రజలు? పలుగు పార పట్టి బురదలో దిగువాడెవడు, గట్టున నిలిచి ఫొటో తీయించుకొనువాడెవడు?

ఒక్క చెట్టైనను లేని దింపు కార్మికుని తలంచుకొనుడి. డ్రైనుకు అతడు బాకీ యున్నాడా? తోట చచ్చినయెడల అతని కూలియు చచ్చును, ఉప్పు అతని చేతిపంపులోనికిని వచ్చును గనుక అతడును రావలెనని యందురు. నిజమే గాని అది సగము నిజము. నష్టము పంచుకొనుటకు పిలువబడినవాడు నిర్ణయము చేయుటకు పిలువబడెనా? 2011 సార్వాలో మన ప్రాంతపు రైతులు పంటవిరామము ప్రకటించి చేలు బీడు పెట్టిరి. వారి బాధ కల్ల కాదు. పెట్టుబడికి తగిన ధర లేదు, ముంపు తీరలేదు. ప్రభుత్వము మోహన్ కందాగారి అధ్యక్షతన కమిటీని వేసెను. 2022లో మరల అదే మాట వినబడెను. రైతును నేను నిందింపను. అయితే చేను బీడు పడిన సార్వాలో నాటు వేయు స్త్రీలకు పని యెక్కడిది? విరామము ప్రకటించు హక్కు భూమి గలవానిది. పస్తు మాత్రము ఉభయులది.

ఇది పాత కథయే. మద్రాసు ప్రభుత్వకాలమున 1858లో ఒక చట్టము చేసి, కాలువలకును గట్లకును ముప్పు వచ్చినప్పుడు గ్రామస్థులచేత నిర్బంధముగా పని చేయించు అధికారము పుచ్చుకొనిరి. 1997లో మన రాష్ట్రమున నీటి వినియోగదారుల సంఘముల చట్టము వచ్చినది. రైతులకే కాలువల నిర్వహణ నప్పగించిన మంచి చట్టమది. అయినను అందులో ఓటు భూయజమానికి, లేదా రికార్డులో పేరెక్కిన కౌలుదారునికి. నోటిమాటపై కౌలు చేయువాడు, కూలివాడు ఆ సభలో లేరు. శ్రమదానమునకు మాత్రము వారే ముందు జ్ఞాపకము వత్తురు. కాదనుటకు వీలున్నప్పుడే అది దానము. లేనప్పుడు, పారయు బురదయు అవే యైనను, దాని పేరు వెట్టి.

గట్టు తెగుచుండగా న్యాయము తూచుట యేల, ముందు గండి పూడ్చి తరువాత మాటలాడుకొందమని ఒకరు అనవచ్చును. తేలికగా త్రోసివేయదగిన మాట కాదిది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణములు తీసికొనినది. అట్టి రాత్రి ఎవరును కమిటీ వేయరు. కాని నెహెమ్యా యేమి చేసెనో చూడుడి. గోడ ఇంకను ముగియలేదు, శత్రువులు చుట్టు నున్నారు. అప్పుడే బీదలు మొఱపెట్టిరి: పొలములు తాకట్టు పడినవి, బిడ్డలు దాసులగుచున్నారు. గోడ ముగియనిమ్మని అతడు వారిని పంపివేయలేదు. పెద్ద సభ కూర్చి, అప్పిచ్చిన పెద్దల యెదుట నిలిచి, పొలములు తిరిగి యిప్పించెను. తానును తన పనివారును ఆ దినములలో భూమి సంపాదించుకొనలేదనియు వ్రాసికొనెను. ముంపు నేల చవుకగా దొరకు దినములలో ఈ మాట మనకు అక్కరకు వచ్చును. ఇంత చేసినను గోడ ఏబది రెండు దినములలో ముగిసినది.

భూమి లేనివాడు బాకీ లేడని నేననను. పొరుగువానికి మనమందరము బాకీయే. అయితే ఆ బాకీని అతడు దేవునియెదుట తానై తీర్చవలసినదే గాని, తోట గలవాడు వసూలు చేయదగినది కాదు. తెకోవ సామాన్యులు తమ పెద్దలు రాకపోయినను రెండవ భాగము కూడ కట్టిరని అదే అధ్యాయము ఇరువది యేడవ వచనము చెప్పుచున్నది. అది వారి ఘనత. పెద్దలు దానిని సాకుగా చూపుటకు వీలులేదు.

మన సంఘములలో తోట యజమానియు దింపు కార్మికుడును ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుచున్నారు. అట్టి చోటు గ్రామములో వేరొకటి యున్నదేమో వెదకి చూడుడి. గనుక డ్రైనునుగూర్చిన సభ ఆరాధన ముగిసిన తరువాత ఆదివారమున పెట్టుకొనవచ్చును. పనిదినమున పదకొండు గంటలకు పెట్టినయెడల కూలివాడు ఆ పూట కూలి పోగొట్టుకొని రావలెను, లేదా రాకుండవలెను. స్త్రీలనుకూడ పిలువుడి, షల్లూము కుమార్తెలు తండ్రితోకూడ గోడ కట్టినట్లు ఆ పట్టికలోనే యున్నది. ఏ లాకు మరమ్మతు కోరవలెను, ఏ రొయ్యల చెరువు నీరు ఎటు పోవుచున్నది, పూడిక తీయుటకు కూలి యెవరిచ్చెదరు అనునవి అక్కడ తేల్చుకొనవలెను. ఉచితముగా చేయుదమని తీర్మానమైనయెడల, ఎకరములు ఎక్కువ గలవారి పేర్లు పట్టికలో మొదట వ్రాసి, వారు స్వయముగా దిగుదురో మనుష్యులను పంపుదురో ప్రక్కనే వ్రాయుడి.