సంచయము – సంరక్షణము

శరణులు సంచయమును గూర్చి మాట్లాడినప్పుడు వారి దృష్టిలో ఉన్నవి ధాన్యము, ధనము. నేడు మన ఇండ్లలో వేరొక గాదె కూడ వెలసినది. ప్రవచనము వినుచు వ్రాసికొన్న నాలుగు మాటలు, పొలము పాసుపుస్తకపు నకలు, మఠమునకిచ్చిన చందా రసీదు, ఎవరో పంపిన శుభోదయపు బొమ్మలు, పదిసార్లు తీసిన ఒకే పెండ్లి చిత్రము, అవ్వ గొంతుతో నిలిచిన ఒక పాట – ఇవన్నియు చేతిఫోనులోను, మూలబడిన కంప్యూటరులోను ఒకే కుప్పగా పడియున్నవి. వీనిలో ఉంచదగినదేది, తుడిచివేయదగినదేది? తుడిచివేయుట పూర్వుల యెడల అపచారమా? భోగినాడు విరిగిన తట్టలను, అరిగిన చీపుళ్లను మంటలో వేయుటకు మనకు జంకు లేదు. ఫోనులోని పాత వ్రాతను తుడుచుటకు మాత్రము వ్రేలు వణకును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మన పాఠకులు ఎరిగినదే. రాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చినాడు. లక్కమ్మ సంతోషింపలేదు. అదనపు గింజలను తెచ్చినచోటనే పోసిరమ్మని పంపినది. ఆ గింజలు దొంగసొత్తు కావు, చెడిపోయినవి కావు. వాటితో మరి ఇద్దరు జంగములకు అన్నము పెట్టవచ్చును కూడ. అయినను ఆమె వద్దన్నది. నాటి అవసరమును మించినదానిపై ఆశ పుట్టినదే దోషమని ఆమె భావము.

ఫోనులోని వ్రాతలకు బరువు లేదు, చోటు పట్టవు, వీనికి లక్కమ్మ కొలత ఎందుకని కొందరు అడుగవచ్చును. చోటు పట్టవనుట నిజము కాదు. గూగుల్ సంస్థ ఫోటోలను పరిమితి లేక ఉచితముగా దాచిపెట్టు పద్ధతిని 2021 జూన్ 1తో ముగించినది. 15 గిగాబైట్లు దాటినచో అద్దె చెల్లింపవలెను. రెండేండ్లు తెరువక విడిచిన ఖాతాలను తొలగించుట 2023 డిసెంబరులో ఆరంభించినది. మనము దాచుకొన్నామనుకొన్నది పరుల గాదెలో అద్దెకు పెట్టిన ధాన్యమే. అంతకంటె పెద్ద బరువు మరొకటి కలదు. ఇంటి పెద్ద శివైక్యము చెందిన పిదప ఇరువది వేల చిత్రములలో భూమి పత్రము ఏది, అప్పు తీరిన చీటి ఏది అని వెదకవలసినవారు పిల్లలు. ఆ కుప్పను వారసత్వమని పిలుచుటకు నాకు మనసొప్పదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వచ్చును. పనికిరాదని తీసివేయు బుద్ధి మన పూర్వులకే ఉండియున్నచో వచనములు మనకు దక్కియుండునా? బిజాపురములో న్యాయవాదిగా ఉండిన ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి (1880–1964) ఊరూరు, ఇల్లిల్లు తిరిగి తాళపత్రపు కట్టలను సేకరించినాడు. 1923లో ‘వచనశాస్త్రసారము’ ప్రథమభాగము వెలువరించినాడు. ముద్రణాలయము కొరకు సొంత ఇంటిని అమ్ముకొన్నాడు. 1926లో ‘శివానుభవ’ పత్రికను ఆరంభించినాడు. ఆయన వెళ్లునాటికి అనేక గృహములలో ఆ కట్టలు దేవుని గూటిలో పూజలందుకొనుచుండెను గాని, విప్పి చదువువారు అరుదు. విలువ తెలియకయే వారు కాపాడినారు. కాబట్టి ఏదియు తీసివేయరాదని వాదించువారి మాటలో బలము లేకపోలేదు.

కాని తాటాకునకు ఒక గుణము కలదు. ఎవరును పట్టించుకొనకున్నను, చెదలు, తేమ సోకనిచో అది రెండు వందల ఏండ్లు మౌనముగా ఓర్చుకొనును. అక్షరము తెలిసినవాడు విప్పిననాడు పలుకును. డిజిటల్ వ్రాతకు ఆ ఓర్పు లేదు. యూనికోడ్ తొలి సంచిక 1991లోనే తెలుగునకు చోటిచ్చినను, మన ముద్రణాలయములలో చాలకాలము అను ఫాంట్లదే రాజ్యము. నాడు కూర్చిన మఠపు పుస్తకమును ఆ ఫాంటు లేని కంప్యూటరులో నేడు తెరచినచో తెలుగు కనబడదు. అర్థము లేని ఆంగ్లాక్షరముల, గుర్తుల వరుస కనబడును. ఫ్లాపీలలో పెట్టినవానిని చదువు యంత్రమే దొరకుట కష్టము. తాటాకును మన పెద్దల ఉపేక్ష కూడ రక్షించినది. ఈ వ్రాతలను ఉపేక్షయే చంపును. అదియును గాక తాళపత్రములు సైతము కేవలము పడియుండి మిగులలేదు. శిథిలమైనప్పుడు క్రొత్త ఆకులపై ఎత్తి వ్రాసినవారుండిరి. జంగముల మతమును, సాహిత్యమును గూర్చి 1840లో వ్యాసము ప్రకటించిన సి.పి. బ్రౌన్ దొర పండితులకు, లేఖకులకు జీతములిచ్చి చేయించినదియు ఆ పనియే. ఎత్తి వ్రాయువాడు సమస్తమును ఎత్తి వ్రాయడు. ప్రతి ఆకునకు శ్రమ కలదు గనుక ఎంపిక తప్పదు.

ఎంపిక ఎట్లు చేయవలెనో తెలిసికొనుటకు జహీరాబాదు వారమైన మనము దూరము పోనక్కరలేదు. పస్తాపూరు కేంద్రముగా 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని మహిళలు, అందులో పెక్కురు దళిత స్త్రీలు, జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, ఉలవ మొదలగు పాత విత్తనములను ఇంటింట నిలుపుకొన్నారు. వారు పంటనంతయు విత్తనముగా దాచరు. కోతకు ముందే చేనిలో తిరిగి మేలైన కంకులను ఎంచుకొందురు. బూడిద, వేపాకు కలిపి బుట్టలో పెట్టి, పేడతో మట్టితో అలికి మూయుదురు. మిగిలినది తిండికి పోవును, పశువులకు పోవును. దానికై ఎవరును దుఃఖింపరు. దాచిన విత్తనమును మరల విత్తనిచో మొలకశక్తి నశించునని వారికి తెలియును. అడిగినవారికి కొలిచి ఇత్తురు. తీసికొన్నవారు పంట వచ్చినపిదప అంతకంటె ఎక్కువ కొలిచి తిరిగి ఇత్తురు. సంక్రాంతి దినములలో పాత పంటల జాతర బండ్లపై ఆ విత్తనములు ఊరూరు తిరుగును. దాసోహమను మాట అక్కడ ఎవరును పలుకకపోవచ్చును. నా కంటికి మాత్రము అది దాసోహమే.

ఈ రీతిని మన వ్రాతలకు పట్టించినచో ఉంచదగినది అంత పెద్దది కాదు. పెద్దల గొంతు, వంశపు వివరము, భూమికి, అప్పునకు చెందిన పత్రములు, మరొకరికి చెప్పదగిన ప్రవచనసారము – ఇంతే. వీనిని యూనికోడ్ తెలుగులోనికి మార్చి, ఏ సంవత్సరమునాటివో పేరులోనే వ్రాసి, రెండు వేర్వేరు చోట్ల ఉంచి, ముఖ్యమైనవానిని కాగితముపై అచ్చువేయించుట మేలు. ఏటేట ఒకసారి తెరచి చూడవలెను. అను ఫాంట్లలోని పాత సంచికలను మార్చు సాధనములు నేడు లభించుచున్నవి. మార్చినపిదప తప్పులు దిద్దుటకు కన్నులు కావలెను. మఠములలో చదువుకొను యువకులకు ఇది తగిన కాయకము. ఈ ఎంపికను వ్రాసినవారే, చేతనైన దినములలోనే చేయుట న్యాయము. కొడుకు చేతికి వదలినచో అతడు భయపడి అంతయు ఉంచును, లేదా విసిగి అంతయు తుడుచును.

ఒకటి మాత్రము వేరుగా చెప్పవలెను. మఠమునకు వచ్చినవారు గురువుతో, పెద్దలతో తమ ఇంటి కలహములను, వ్యాధులను, అప్పులను చెప్పుకొందురు. జ్ఞాపకార్థము వానిని ఫోనులో వ్రాసికొనువారు కలరు. చెప్పినవారు ఆ మాటలను ఒక మనిషికి చెప్పినారు, గ్రంథాలయమునకు కాదు. చరిత్రకు పనికివచ్చునను నెపముతో వానిని భద్రపరచుటకు మనకు అధికారము లేదు. ఆ పని తీరిననాడే వానిని తుడిచివేయవలెను. వేరొకచోట నకలు ఉన్నచో దానిని కూడ.