కూడబెట్టుట – కూడి బ్రతుకుట

ధనము కూడబెట్టవలెనా, లేక నలుగురితో కూడి సంతోషముగా బ్రతుకవలెనా అను ప్రశ్న మన ఇండ్లలో తరచు వినబడుచుండును. తండ్రి ఖాతా పుస్తకము చూపి పొదుపు అనును. స్నేహితులు, ఆటలు, పాటలు లేని బ్రతుకు ఒక బ్రతుకేనా అని కుమారుడు అడుగును. ఇద్దరి మాటలోను న్యాయము కలదు. అయితే ఈ రెండును నిజముగా ఒకదానికొకటి విరోధములా అను సంగతిని నిదానముగా ఆలోచింపవలసియున్నది. నేను పండితుడను కాను. ఉన్నత పాఠశాల చదువుతో అంగడిలో కూర్చున్నవాడను. షోలాపూరు నగరమునకు వెలుపల కుంభారిలో మగ్గము పనివారికిని, బీడీలు చుట్టు స్త్రీలకును సరుకు అమ్ముకొని జీవించువాడను. అచ్చట చూచిన విషయములను, మన పెద్దలు చెప్పిన వ్రతములను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మొదట పొదుపు వేరు, లోభము వేరు అని గుర్తింపవలెను. పొదుపరికి తాను కూడబెట్టునది దేనికొరకో తెలియును. కుమార్తె చదువు, ఇంటికి పైకప్పు, ముసలితనములో మందులు – ఇట్లు ప్రతి రూపాయికి ఒక పని ఉండును. లోభికి ఆ ‘దేనికొరకు’ అనునది క్రమక్రమముగా మరపునకు వచ్చును. ధనమే ధనమునకు ప్రయోజనమగును. పెండ్లికి పోయిన కట్నము పెట్టవలసివచ్చునని బంధువుల ఇంటికి పోడు. మనిషి వచ్చిన టీ ఇయ్యవలసివచ్చునని తలుపు తీయడు. వానిని లోకము ధనవంతుడనవచ్చును గాని సుఖవంతుడనదు. దుబారా చేయువాని సంగతి మనకు తెలిసినదే. అప్పు చేసి పప్పు కూడు అను సామెత వానికొరకే పుట్టినది. చూచుటకు ఒకడు ఈ కొనయందును, మరొకడు ఆ కొనయందును ఉన్నారు గాని ఇద్దరికిని లోపము ఒక్కటే. ఇద్దరికిని హద్దు లేదు. ఒకనికి ఖర్చునకు హద్దు లేదు, ఇంకొకనికి కూడబెట్టుటకు హద్దు లేదు.

ఈ హద్దు అను మాట మనకు క్రొత్త కాదు. శ్రావకునకు విధింపబడిన పన్నెండు వ్రతములలో పరిగ్రహ పరిమాణము ఒకటి, భోగోపభోగ పరిమాణము ఒకటి. సమంతభద్రాచార్యులవారి రత్నకరండక శ్రావకాచారములో ఒకసారి అనుభవించి విడిచిపెట్టునది భోగమనియు, మరల మరల అనుభవించునది ఉపభోగమనియు వివరింపబడినది. భోజనము భోగము, వస్త్రము ఉపభోగము. గృహస్థుడు ఈ రెండింటికిని తానే ఒక కొలత పెట్టుకొనవలెను. సర్వమును విడిచిపెట్టుము అని మునికి చెప్పిరి. గృహస్థునకు మాత్రము కొలుచుకొనుము అని చెప్పిరి. కొలత అనగా కొంత ఉండవలెననియే గదా అర్థము. మీదుమిక్కిలి, ఆ పన్నెండింటిలోనే అతిథి సంవిభాగము అను వ్రతము కూడ చేరియున్నది. అది ముఖ్యముగా మునులకు, సాధువులకు ఆహారదానమును గూర్చినదే అయినను, తన పళ్ళెములో ఇతరులకు భాగము కలదను బుద్ధి దానికి మూలము. తన అనుభవమునకు హద్దు పెట్టుకొమ్మన్న పెద్దలే తన తలుపు తెరచియుంచుమని కూడ చెప్పిరి. ఒకదానిని చెప్పి రెండవదానిని మరచుట మనము చేయుచున్న పొరపాటు.

ఇక కుంభారి సంగతి. తెలుగు నేతవారు షోలాపూరునకు వలసవచ్చి నూరేండ్లు ఏనాడో దాటినది. 1877లో ఇచ్చట పెద్ద బట్టల మిల్లు ఏర్పడినది. తెలంగాణ జిల్లాల నుండి పద్మశాలీలు మగ్గములను నమ్ముకొని వచ్చి పేటలలో కాపురములు పెట్టిరి. షోలాపూరు దుప్పటికి దేశమంతట పేరు తెచ్చిన చేతులలో వారి చేతులు కూడ కలవు. ఇంటి పురుషుడు మగ్గము మీద, ఇల్లాలు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుట – ఇది ఎన్నో ఇండ్ల జీవనము. బీడీలకు కూలి వేయికి ఇంత అని లెక్క. ఒక్క ఇరుకు గదిలో అద్దెకు ఉండి, తమదను నాలుగు గోడల కొరకు కలగన్నవారు వీరు.

ఆ కల కొంతవరకు నెరవేరినది. గోదూతాయి పరులేకర్ పేర బీడీ పనివారి స్త్రీలు సహకార గృహనిర్మాణ సంఘముగా ఏర్పడిరి. నరసయ్య ఆడం గారి నాయకత్వమున ఏండ్ల తరబడి సభలు, ఊరేగింపులు, విన్నపములు సాగినవి. ప్రభుత్వముల సహాయము కొంత, పనివారి వాటా కొంత కలిసి కుంభారిలో 10,000 ఇండ్లు లేచినవి. 2006లో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు వాటిని అప్పగించిరి. పిమ్మట రే నగర్ పేర 30,000 ఇండ్ల పథకమునకు 2019 జనవరి 9వ తేదీన శంకుస్థాపన జరిగినది. 2024 జనవరి 19వ తేదీన అందులో 15,000 ఇండ్లను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు మగ్గము పనివారికి, బీడీ పనివారికి, రిక్షా తోలువారికి, చిత్తు కాగితములు ఏరువారికి అందజేసిరి.

ఇందు గమనింపదగిన విషయము ఒకటి కలదు. బీదవాడు ముందు కూడబెట్టవలెను, స్నేహములు, వేడుకలు తరువాత చూచుకొనవచ్చును అని మనవారు అనుచుందురు. కాని ఒంటరిగా ఇంట కూర్చుండి పైసాపైసా దాచిన బీడీ పనిమనిషికి ఈ ఇల్లు ఏనాటికైనను వచ్చియుండెడిదా? ఆమె దాచిన వాటా అవసరమే, సందేహము లేదు. కాని ఆ వాటాకు బలము వచ్చినది పదివేలమంది కూడినందువలన. అరుగుమీద కలిసి ఆకు కత్తిరించునపుడు చెప్పుకొన్న కష్టసుఖములు, కలిసి పాడుకొన్న పాటలు, ఒకరి ఇంటి పురుటికి ఒకరు పోవుట – ఈ పరిచయము లేనిదే ఒకరి మాటను ఒకరు నమ్మి సంఘములో డబ్బు కట్టియుండరు. కాబట్టి కూడి బ్రతుకుట కూడబెట్టుటకు శత్రువు కాదు. చాలచోట్ల దానికి పునాది.

లెక్కలో చూతము, వ్యాపారులకు లెక్క చెప్పినగాని తృప్తి ఉండదు. నెలకు 12,000 రూపాయలు వచ్చు ఇల్లు ఒకటి ఉన్నదనుకొందము. అందులో 1,200 రూపాయలు మొదటి తేదీననే తీసి ప్రక్కన పెట్టిరి. వేడుకలకు, రాకపోకలకు 600 రూపాయలు కేటాయించిరి. వడ్డీని విడిచినను పొదుపు పదేండ్లలో 1,44,000 రూపాయలగును. ఆ 600 రూపాయలు కూడ మిగిల్చినచో మరియొక 72,000 చేరును. నిజమే, అది చిన్న మొత్తము కాదు. కాని ఆ పదేండ్లలో భజనకు పోని ఇల్లు, చెల్లెలి ఊరికి పోని ఇల్లు, ఎవరినీ భోజనమునకు పిలువని ఇల్లు ఆపదలో ఎవరి తలుపు తట్టును? జ్వరము వచ్చిన రాత్రి ఆసుపత్రికి తోడు వచ్చువాడు ఏ బ్యాంకులోను దొరకడు. ఆ 72,000 వ్యర్థముగా పోయినదనుట సరికాదు. అది మనుష్యులలో దాచబడినది.

అయితే ఈ మాటను అడ్డుపెట్టుకొని 600 స్థానములో 3,000 ఖర్చు చేయుటయు కలదు. నలుగురిలో తక్కువ కారాదని పుట్టినరోజు పండుగలకు పందిరి వేయించుట, వాయిదాల మీద పెద్ద ఫోను కొనుట, త్రాగుడునకు స్నేహమని పేరు పెట్టుట – ఇవి కూడి బ్రతుకుట కాదు, చూపి బ్రతుకుట. రెండింటిని వేరు చేయుటకు నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. చూచువారు ఎవరును లేకపోయినను ఈ ఖర్చు చేయుదునా? డోలు వాయించువాడు ఎవరు వినకపోయినను వాయించుకొనును. పుస్తకము చదువువాడు తలుపు వేసికొని చదువుకొనును. నిజమైన అభిరుచికి సాధారణముగా ఖర్చు తక్కువ. షోలాపూరులో హీరాచంద్ నేమచంద్ పేర నెలకొన్న వాచనాలయములో కూర్చుండి పత్రికలు చదువువానికి సాయంకాలము ఎంత చవకగా, ఎంత నిండుగా గడచునో ఆలోచింపుడు. నేడు ఫోను నుండియే సొమ్ము పోవుచున్నందున చేతినుండి నోటు జారిన బాధ కూడ తెలియుట లేదు. అందుచేత హద్దును ముందుగానే కాగితము మీద వ్రాసికొనుట మునుపటికంటె నేడు మరింత అవసరము.

క్రొత్త ఇంటితో ఒక క్రొత్త చిక్కు కూడ వచ్చినది. పాత పేటలో ఉన్నప్పుడు శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయస్వామి రథమునకు నడచిపోవువారు. కుంభారి నుండి పోవలెనన్న ఇంటిల్లిపాదికి కిరాయి కావలెను. సంక్రాంతికి సిద్ధేశ్వరుని జాతరకును అంతే. స్నేహము ఇదివరకు ఉచితముగా దొరకినది, ఇప్పుడు దానికి ధర ఏర్పడినది. ఆ కిరాయిని కొందరు దుబారా అందురు. నేను అనలేను. ఇల్లు సంపాదించుకొని మనుష్యులను పోగొట్టుకొనినచో ఆ ఇల్లు సగమే దొరకినట్లు. కనుక అద్దె మిగిలిన డబ్బులో కొంత ఆ కిరాయికి పోవుట న్యాయమే.

ఇప్పుడు మన సంగతి చెప్పుకొనవలెను. పనివానికి పొదుపు బోధించుట మనకు తేలిక. కాని పండుగ వచ్చినదనగానే ‘ముందు పట్టుకొనిపో, డబ్బు తరువాత చూచుకొందము’ అని ఉద్దెర ఖాతా తెరచువారము మనమే గదా! మునుపటి బాకీ తీరకుండగనే మూడు చీరలు కట్టి ఇచ్చి, మరునాడు వానికి దుబారా మనిషి అని పేరు పెట్టుట ధర్మము కాదు. అమ్మకమే మన జీవనాధారము, అది విడువమని నేను చెప్పను. కొనవచ్చినవాడు ఇంతలోనే కావలెనన్నప్పుడు అంతకు మించి ఆశ పెట్టకుండుట మాత్రము మన చేతిలో ఉన్నది. వాడు పెట్టుకొన్న హద్దును మన అంగడిలో చెరుపరాదు. అట్లే వాని భజన తాళములను, వాని కూతురు చూచు సినిమాను లెక్కించుటకు మనకు అధికారము లేదు. పరిమాణ వ్రతము ఎవరికి వారు పట్టవలసినదే గాని ఇతరుల పళ్ళెము మీద పెట్టు మూత కాదు. మన పెండ్లిండ్లలో వండి పారబోయు పదార్థముల పట్టికను మొదట కుదించి, తరువాత ఇతరులకు బుద్ధి చెప్పుదము.

కూడబెట్టినది చివరకు ఎక్కడికి చేరవలెనో చూపిన వర్తక కుటుంబీకుడు షోలాపూరులోనే ఉండిరి. బ్రహ్మచారి జీవరాజ్ గౌతమచంద్ దోశీ గారు న్యాయముగా ఆర్జించిన ధనమును ఏ సత్కార్యమునకు వినియోగింపవలెనో పండితులను సమావేశపరచి అడిగిరి. జైన సంస్కృతి సంరక్షక సంఘమును స్థాపించి, 1944లో రమారమి రెండు లక్షల రూపాయల తమ ఆస్తినంతటిని దానికి ధర్మనిధిగా వ్రాసి ఇచ్చిరి. వారి పేర వెలువడిన గ్రంథమాల విద్వాంసుల చేతులలో నేటికిని ఉన్నది. వారు 1957లో దేహము చాలించిరి. అందరును ఆస్తినంతయు ఇయ్యలేరు. కాని ఒక ప్రశ్నను మాత్రము ప్రతివాడును వేసికొనవచ్చును. నేను దాచుచున్నది ఎవరికొరకు?

కడపట మన కుటుంబములకు మూడు మనవులు. సంవత్సరమునకొకసారి, పర్యూషణ దినములలో, ఇంటిల్లిపాది కూర్చుండి పొదుపునకు ఇంత, వేడుకకు ఇంత అని హద్దు వ్రాసికొనవలెను. అందులో స్త్రీల మాటకు, పిల్లల మాటకు కూడ తావుండవలెను. ఒక్కడు పెట్టిన హద్దును తక్కినవారు చాటున దాటుదురు. రెండవది, ఎంత బీదవానికైనను, ఎంత పిసినారికైనను వేడుక పద్దులో సున్న ఉండరాదు. మూడవది, పొదుపు పద్దులో కూడ ఒక హద్దు వ్రాయవలెను. దానికి మించినది దానమునకు పోవలెను. ఈ మూడవదే అన్నింటికంటె కష్టము. మన వ్యాపారులకు అసలు పరీక్ష ఇక్కడనే ఉన్నది.